రోష్‌ఫోర్ 10: సీసాలో దొరికిన ముదురు పాకం

మొదటి సీసా నాకు నచ్చలేదు.

బెల్జియంలోని లూవెన్‌లో ఉద్యోగంలో చేరిన తొలి నవంబరు అది. అయిదింటికే చీకటి, ఆగని సన్నటి వాన, ఊళ్లో తెలిసినవాళ్లెవరూ లేరు. ఆఫీసులో ఎవరి నోట విన్నా సన్యాసుల మఠాల్లో కాచే ట్రాపిస్ట్ బీర్ల మాటే. ఏముందో చూద్దామని సూపర్‌మార్కెట్ నుంచి నీలం మూత ఉన్న పొట్టి సీసా ఒకటి తెచ్చుకున్నాను. రోష్‌ఫోర్ 10. ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి అన్నం తిన్నాక బయటికి తీసి, హైదరాబాద్‌లో అలవాటైనట్టే సీసా ఎత్తి తాగాను. ముందు చల్లదనం, వెనకాలే గొంతులో మంట, ఆ తర్వాత దగ్గుమందు లాంటి తీపి చేదు. సగానికే తల బరువెక్కింది.

తల బరువెక్కడంలో వింత లేదని తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. 5 శాతం ఆల్కహాల్ ఉండే మామూలు లాగర్ బీరు 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా మొత్తం తాగితే లోపలికి వెళ్లే ఆల్కహాల్ దాదాపు 32 మిల్లీలీటర్లు. రోష్‌ఫోర్ 10లో 11.3 శాతం. 330 మిల్లీలీటర్ల ఆ చిన్న సీసాలోనే 37 మిల్లీలీటర్లు పైచిలుకు. దాన్ని నేను పది నిమిషాల్లో తాగేశాను.

మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన ఫ్లెమిష్ పెద్దాయన, అంటే డచ్చి మాట్లాడే బెల్జియం మనిషి. కింద ఆయన ఉంటారు, పైన అటక గదిలో నేను. ఇక్కడ ఖాళీ సీసా తిరిగిచ్చేస్తే డిపాజిట్ డబ్బులు వెనక్కిస్తారు కాబట్టి సీసాలన్నీ మెట్ల కింద క్రేటులో పెడతాం. నీలం మూత సీసాని ఆయన అక్కడ చూశారు.

"ఎలా తాగావు దీన్ని?" అని అడిగారు.

"ఫ్రిజ్‌లోంచి తీసి, సీసాతోనే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "శనివారం సాయంత్రం ఖాళీ ఉంచుకో. కిందికి రా" అన్నారు.

ఆ శనివారం నేర్చుకున్నదే ఇప్పటికీ పాటిస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

సీసాలు ఆయన నేలమాళిగలో నిలబెట్టి ఉన్నాయి. అక్కడ ఏడాది పొడుగునా ఇంచుమించు 12 డిగ్రీలుంటుందట. ఈ బీరుకి కావలసిన చలి అంతే, 12 నుంచి 14 డిగ్రీలు. ఫ్రిజ్ చలిలో వాసనలు పైకి లేవవు, నాలుకకి మంటా చేదూ తప్ప ఇంకేమీ అందదు. నాకు జరిగింది అదే. సీసాని పడుకోబెట్టకుండా నిలబెట్టడానికీ కారణముంది. సీసాలో నింపేటప్పుడు కొంచెం చక్కెర, కొంచెం కొత్త ఈస్ట్ కలిపి మూత వేస్తారు. బీరు సీసాలోనే రెండోసారి పులుస్తుంది. ఆ ఈస్ట్ అంతా చివరికి మడ్డిగా అడుక్కి చేరుతుంది. సీసా నిలబడి ఉంటేనే అది కదలకుండా ఒకచోట కూర్చుంటుంది.

గ్లాసు వెడల్పు నోటిది, కింద కాడ ఉన్నది. ఆయన దాన్ని వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టారు. సబ్బు జిడ్డు ఏమాత్రం ఉన్నా నురగ నిలవదట. తర్వాత గ్లాసు ఏటవాలుగా పట్టుకుని, నెయ్యి వడ్డించినట్టు సన్నటి ధారగా, చెయ్యి ఎక్కడా ఆపకుండా పోశారు. మధ్యలో ఆపి మళ్లీ వంచితే అడుగు మడ్డి లేస్తుంది. సీసాలో వేలెడు మిగలగానే ఆపేశారు. ఆ మిగిలింది కావాలంటే విడిగా తాగొచ్చు, నాకు అది పచ్చి పిండి రుచి.

గ్లాసులో బీరు దాదాపు నల్లగా కనిపించింది. దీపం ముందు పెట్టి చూస్తే అంచుల్లో నేరేడు పండు పిండినట్టు ఎర్రటి మెరుపు. పైన పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో నురగ. ఆ నురగలోని బుడగలు ఎంత చిన్నవంటే విడివిడిగా కంటికి ఆనవు. "అయిదు నిమిషాలు ముట్టుకోకు, చూస్తూ ఉండు" అన్నారు. నురగ కొంచెం కుంగి, గ్లాసు గోడకి ఒక గీత మిగిల్చింది.

తర్వాత వాసన. ఒకేసారి గాఢంగా పీల్చకుండా రెండు మూడుసార్లు పొట్టిగా, మధ్యలో తల పక్కకి తిప్పి మామూలు గాలి పీలుస్తూ చూడాలి. అప్పుడు ఒక గుక్క, చెంచాడంత. నాలుక మీదా దవడల్లోకీ తిప్పి, మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలాలి. ఫిల్టర్ కాఫీ మింగాక ముక్కులో ఒక వాసన నిలుస్తుంది కదా, రుచంతా ఇక్కడ కూడా అక్కడే ఉంది. ఒక సీసా ఇద్దరం పంచుకుని గంటంబావు కూర్చున్నాం. గదిలో వెచ్చదనానికి గ్లాసు వేడెక్కే కొద్దీ బీరు మారిపోతూ వచ్చింది. మొదటి గుక్కలో లేని వాసన నాలుగో గుక్కలో దొరికింది.

అక్కడి నుంచి నెలకి ఒకటి రెండు శనివారాలు నాకది చదువైపోయింది. నోట్‌బుక్ ఒకటి పెట్టాను. ఆయన చెప్పిన పేర్లే అందులో రాశాను: ప్లమ్, అంజీర్, ఎండుద్రాక్ష, టాఫీ, చాక్లెట్. మూడు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే ప్రతి పేజీలోనూ అవే అయిదు మాటలు. అబద్ధమేమీ రాయలేదు. కానీ ప్లమ్ నేను మొదటిసారి తిన్నది ఈ దేశం వచ్చాకే. అంజీర్ అంటే మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడు కొన్న పొట్లం. ఆ పేర్లతో నా నాలుకకి పాత పరిచయం లేదు. వాటిని రాస్తుంటే ఇంకొకరి లెక్కల పుస్తకంలోంచి జవాబు ఎత్తి రాసుకున్నట్టుండేది.

మొదటి సొంత మాట మార్చిలో దొరికింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే, అసలు ఆలోచించకుండానే, రాగిమాల్ట్ అనుకున్నాను. అమ్మ రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మొలక వచ్చాక, ఎండబెట్టి, దోరగా వేయించి మర పట్టించేది. వేయించేటప్పుడు వంటింట్లో నిండిన ఆ తియ్యటి గింజ వాసన అచ్చంగా అదే. ఆ రాత్రి కూర్చుని చదివితే ఆశ్చర్యపోవాల్సినదేమీ లేదని అర్థమైంది. బీరుకి వాడే మాల్ట్ కూడా అంతే: బార్లీని నానబెట్టి, మొలక రాగానే ఆపి, వేడిగాలితో ఆరబెడతారు. ఆ వేడి ఎంత ఎక్కువైతే గింజ రంగూ రుచీ అంత ముదురుతాయి. గింజ వేరు, పని ఒకటే. చిన్నప్పటి నుంచీ రోజూ పొద్దున్నే తాగిన మాటని సీసా మీద ఇంగ్లీషులో చదివి కొత్తదనుకున్నాను.

తలుపు ఒకటి తెరుచుకున్నాక మిగిలినవి వాటంతటవే వచ్చాయి. గెల మగ్గపెట్టిన గదిలోకి వెళ్తే కొట్టే అరటిపండు వాసన. లవంగం నమిలాక నాలుక చివర మిగిలే చిన్న మొద్దుతనం. ఈ బీరులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. ఆ రెండూ ఈస్ట్ చేసే పని. పండిన అరటిలో ఉండే వాసన పదార్థాన్నే పులిసేటప్పుడు ఈస్ట్ కూడా తయారుచేస్తుంది. లవంగాన్ని గుర్తుచేసే ఘాటుదీ అదే కథ. మసాలా దినుసుల్లో నిజంగా వేసేది ధనియాలు, అదీ చిటికెడే. అవి ఉన్నట్టు నాకు ఏ రోజూ తెలియలేదు, తెలిసిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ వేసవిలో ఈ బీరు పుట్టిన ఊరు రోష్‌ఫోర్ వెళ్లొచ్చాను. నామూర్ మీదుగా రైల్లో జెమెల్ దాకా, అక్కడి నుంచి బస్సు. సన్యాసుల మఠం ఊరికి కొంచెం దూరంగా, చెట్ల మధ్య ఉంటుంది. బీరు కాచే చోటుకి బయటివాళ్లని రానివ్వరు. అది తెలిసే వెళ్లాను. ప్రార్థన మందిరంలో కాసేపు కూర్చుని, గోడ పక్కన నడిచి వచ్చేశాను. ఇక్కడ 1595 నుంచే బీరు కాచేవారు. ఫ్రెంచి విప్లవం తర్వాత మఠం అమ్ముడుపోయింది. 1887లో ఆఖెల్ అనే ఇంకో మఠం నుంచి సన్యాసులు వచ్చి, 1899లో మళ్లీ బీరు మొదలుపెట్టారు. ట్రాపిస్ట్ అనే ముద్ర రావాలంటే బీరు మఠం ఆవరణలోనే కాయాలి, సన్యాసుల అజమాయిషీ ఉండాలి, వచ్చిన డబ్బు మఠం ఖర్చులకి పోను మిగిలింది సేవా కార్యక్రమాలకి వెళ్లాలి. మఠంలో సన్యాసులే మిగలక ఆఖెల్ బీరు 2021లో ఆ ముద్ర పోగొట్టుకుంది. ఇప్పుడు బెల్జియంలో ఆ ముద్ర ఉన్నవి అయిదే: షిమే, ఓర్వాల్, రోష్‌ఫోర్, వెస్ట్‌మాల్, వెస్ట్‌ఫ్లెటెరెన్. రోష్‌ఫోర్ నీళ్లు త్రిదెన్ అనే ఊటవి. పక్కనున్న సున్నపురాయి క్వారీని ఇంకా లోతుకు తవ్వితే ఊట దెబ్బతింటుందని సన్యాసులు కోర్టుకెక్కారు. ఏళ్లపాటు పోరాడితే 2021లో లియేజ్ అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. మాట్లాడటమే తక్కువగా బతికేవాళ్లు నీళ్ల కోసం కోర్టు మెట్లెక్కారంటే ఆ నీళ్లంటే వాళ్లకేమిటో తెలుస్తుంది. ఆ ఊరి కెఫేలో ఆ రోజు తాగిన గ్లాసు గురించి మాత్రం రాయడానికేమీ లేదు. ఎండగా ఉంది, బీరు చల్లగా ఇచ్చారు, వేడెక్కేదాకా ఆగే తీరిక లేక బస్సు అందుకున్నాను.

నా నోట్‌బుక్‌లో అన్నిటికంటే విలువైన పేజీ నాది కాదు, మా మామయ్యది.

ఆయనది అనకాపల్లి దగ్గర పల్లె. నలభై ఏళ్లుగా బెల్లం వండుతున్నారు. మామయ్య కూతురు జర్మనీలోని ఆఖెన్‌లో చదువుతోంది. మూడో ఏడాది అక్టోబరులో తనని చూడ్డానికొచ్చి, నా దగ్గర నాలుగు రోజులున్నారు. లియేజ్ నుంచి రైల్లో వస్తుంటే తీనెన్ దగ్గర పొలాల గట్ల మీద గుట్టలుగా పోసిన దుంపలు చూశారట. దిగగానే మొదటి ప్రశ్న దాని గురించే. చక్కెర దుంపలనీ, తీనెన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉందనీ చెప్తే, ఆ దుంప ఒకటి తెచ్చిపెట్టరా అన్నారు. తెచ్చాను. గోటితో గీరి, నాకి, "రసం బాగానే ఉంది, మట్టి వాసన పోవాలి" అన్నారు.

ఆ సాయంత్రం సీసా తీశాను. మామయ్య ఎదురుగా తాగడం నాకూ కొత్తే, ఆయనే "పరాయి దేశంలో ఏట్రా మొహమాటం, పొయ్యి" అన్నారు. పద్ధతంతా చెప్పలేదు. గ్లాసు చేతికిచ్చి ఊరుకున్నాను. ఆయన తాగకుండా ముందు వాసన చూశారు. పెనం ముందు నిలబడి నలభై ఏళ్లు ఆవిరి పీల్చిన ముక్కు అది. మళ్లీ చూశారు. కళ్లు మూసుకున్నారు.

"ఇదేట్రా, పాకం వాసనొస్తంది."

"ఏ పాకం, మామయ్యా?"

"అచ్చుల్లో పొయ్యడానికి దించీది కాదు. అది దాటిపోయింది. ఇంకో రెండు నిమిషాలుంటే మాడిపోతాది, ఆ ముందు. మేమైతే కంగారుపడి మంట తీసీమంటాం. ఈళ్లెవరో అక్కడ ఆపినారు."

నా ఒళ్లు జలదరించింది. ఈ బీరులో ముదురు రంగు క్యాండీ చక్కెర వేస్తారన్న సంగతి నేను ఆయనకి చెప్పలేదు. దుంప చక్కెరని నల్లబడేదాకా కాచి చేస్తారు దాన్ని. టాఫీ, కారమెల్ అని నేను రెండేళ్లుగా రాసుకున్నదాన్ని ఆయన ఒక్క పీల్పులో, ఎన్ని నిమిషాల తేడా ఉందో కూడా కలిపి చెప్పారు.

అప్పుడు గుక్క తాగారు. మొహంలో ఒక అనుమానం. "మరి తీపేదిరా? ఇంత పాకం పోసి తీపి లేదేటి?"

నేను చదివి తెలుసుకున్నదానికి అంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. చక్కెరని ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది, ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. కాచినప్పుడు పుట్టిన రంగునీ వాసననీ మాత్రం తినలేదు. అందుకే తీపి పోయి పాకం వాసన మిగులుతుంది. ఇంత గట్టి బీరుని ఒట్టి మాల్ట్‌తోనే చేస్తే నోట్లో చిక్కగా, జిగటగా ఉంటుంది. చక్కెర కలవడం వల్లే తేలిగ్గా దిగుతుంది. నాలుక మీద ఉన్న ఆ కాస్త తీపి, మాల్ట్‌లో ఈస్ట్‌కి అరగని చక్కెరలది. మామయ్య తల ఊపారు. "కల్లూ అంతేగా. పొద్దున్న తీపి, మాపటికి పులుపు. తీపి ఎక్కడికీ పోదు, మత్తైపోతాది."

పేరులో ఆ 10 ఏమిటన్నారు. అది శాతం కాదు. పులియకముందు ఆ రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే పాత బెల్జియం కొలత. లీటరు నీళ్లు కిలో తూగితే, ఆ రసం లీటరు కిలో వంద గ్రాముల దాకా తూగుతుంది. "మా చెరకు రసం కంటే చిక్కనన్నమాట" అన్నారు. లెక్క వేసి చూశాను, ఆయన మాట నిజమే. ఆ రాత్రి నోట్‌బుక్ పేజీలో ఆయన చెప్పినవే రాశాను: దించాల్సిన పాకం దాటి రెండు నిమిషాలు, గింజ ఖర్జూరం, వేయించిన నువ్వులు, చివర్న చింతపండు ఈనె చప్పరించినట్టు చిన్న పులుపు. ప్లమ్ అన్న మాట ఆ పేజీలో లేదు. ఆ చింతపండు పులుపు నేను అప్పటిదాకా పట్టుకోలేకపోయాను. ఇప్పుడు ప్రతిసారీ దొరుకుతుంది.

వెళ్తూ వెళ్తూ పెట్టెలోంచి తాటిబెల్లం పొట్లం ఒకటి తీసి నా వంటింట్లో పెట్టి వెళ్లారు.

ఆ డిసెంబరులో, ఎప్పటినుంచో అనుకుంటున్న పని చేశాం ఓనరుగారూ నేనూ. మొదటి ఏడాది వసంతంలో ఆరు సీసాలు ఒకేసారి కొన్నాను. నాలుగు అయిపోయాయి. ఒకటి ఆయన నేలమాళిగలోనే ఉండిపోయింది. ఒకటి నా అటక గదిలో, పైకప్పు కింద అట్టపెట్టెలో నాకు తెలియకుండానే మిగిలిపోయింది. రెండు ఎండాకాలాలు ఆ కప్పు కింద ఉడికింది. కొత్తగా కొన్న సీసా ఒకటి పక్కన పెట్టి, మూడు గ్లాసుల్లో పోశాం.

కొత్తది నాకు బాగా తెలిసిందే. నురగ పొంగుతుంది, బుడగలు నాలుకని గిల్లుతాయి, అరటిపండు ముందుంటుంది, మింగేటప్పుడు ఆల్కహాల్ వెచ్చదనం ఛాతీ దాకా దిగుతుంది.

అటక సీసా పాడైపోయింది. రంగు మారలేదు, నురగా కొంత ఉంది, కానీ ముక్కు దగ్గర పెట్టగానే వానలో తడిసి ఆరిన అట్టపెట్టె. వేడికి, సీసాలో మిగిలిన కాస్త గాలికి జరిగే నష్టమట అది. గుక్కతో సరిపెట్టి సింకులో పోశాం. రెండేళ్లు దాచిన సీసాని అలా పారబోయడం నాకు బాధగానే అనిపించింది. వేసవిలో గది ఎంత వేడెక్కుతుందో రోజూ అనుభవిస్తూ కూడా ఆ పెట్టె సంగతి చూసుకోలేదు.

నేలమాళిగ సీసా గురించి తొందరపడకుండా రాయాలి. నురగ పల్చబడింది, గిల్లుడు తగ్గింది. అరటిపండు పూర్తిగా వెనక్కిపోయింది. ఆల్కహాల్ ఎక్కడుందో వెతుక్కోవాలి, మాగిన ఆవకాయలో కారం నూనెలోకి దిగిపోయినట్టు అందులోనే కలిసిపోయింది. మొదటి వాసన ఎండు ఖర్జూరం. గ్లాసు అరచేతుల్లో పెట్టుకుని కొంచెం వెచ్చబెట్టాక, ఖర్జూరం వెనకాల ఇంకోటి మెల్లగా లేచింది. తీపిలో పొగ, పొగలో చిన్న ఉప్పదనం. నాకు తెలిసిన వాసనే, పేరు నోటి చివర ఉంది. రెండో గుక్క మింగి ముక్కుతో గాలి వదిలినప్పుడు దొరికింది. తాటిబెల్లం.

పైకి అనేశాను. ఓనరుగారు మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ఆయనకీ ఒక నోట్‌బుక్ ఉంది, నా దానికంటే ముప్ఫై ఏళ్లు పాతది. అందులో తన అక్షరాల్లో విడివిడిగా కూడబలుక్కుంటూ రాసుకుని, అంటే ఏమిటన్నారు. తాటిచెట్టు గురించి మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, పైకెళ్లి పొట్లం తెచ్చాను. చాకు వెనక్కి తిప్పి కొట్టి, గోరంత ముక్క ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ముక్కని కొరకలేదు. నాలుక మీద పెట్టుకుని కరగనిచ్చి, దాని మీద నేలమాళిగ బీరు చిన్న గుక్క తాగారు. మింగి, నోరు మూసి, ముక్కుతో గాలి వదిలారు. బయట బస్సులేమీ లేని ఆదివారం రాత్రి, గోడ గడియారం మోత తప్ప ఇంట్లో చప్పుడు లేదు. చాలాసేపు అలాగే కూర్చున్నారు.

తర్వాత పొట్లం వైపు చూసి, "ఇంకో ముక్క ఇస్తావా?" అన్నారు.